చెప్పు కరిచిన చోట: బొబ్బ చరిత్ర

"కొత్తచెప్పు కరిచింది" అని తెలుగువారు అంటూ ఉంటారు. చెప్పుకు నోరు లేదు, పళ్ళు లేవు. అయినా కొత్తజోడు తొడుక్కొని నాలుగు మైళ్ళు నడిచి వచ్చేసరికి మడమ వెనుకనో, చిటికెనవేలి పక్కనో చర్మం ఉబ్బి, లోపల నీరు చేరి, తాకితే భగ్గున మండుతుంది. దానినే బొబ్బ అనీ, పొక్కు అనీ అంటారు. రెండురోజులు కుంటి, వారం తిరిగేసరికి మరచిపోయే ఇంత చిన్నగాయానికి చరిత్ర ఏముంటుందని ఎవరికైనా అనిపించవచ్చు.

కాని రైలూ మోటారూ పుట్టకముందు చాలామందికి దూరప్రయాణానికి ఆధారం రెండుకాళ్ళే. యాత్రికులు నడిచారు, టపా మోసేవారు పరుగెత్తారు, సైన్యాలు వందలమైళ్ళు సాగాయి. శత్రువు కంటబడకముందే సిపాయిని దారిపక్కన కూలవేయగల శక్తి ఈ బొబ్బకు ఉండేది. అందుచేత దీనిని గురించి మూడు ప్రశ్నలు ఏనాటినుంచో ఉన్నాయి. బొబ్బ ఎందుకు లేస్తుంది? లేచినదాన్ని చిదిపివేయాలా, ఉన్నదున్నట్లు ఉంచాలా? అసలు రాకుండా చేసే ఉపాయం ఏది? ఈ ప్రశ్నలకు మనుషులు రెండువేల ఏళ్ళపాటు అనుభవంనుంచే జవాబులు చెప్పుకొన్నారు. ప్రయోగాలనుంచి గట్టి జవాబులు రావడం 1955 ప్రాంతంలోగాని మొదలు కాలేదు. ఆ పాతజవాబులలో ఏవి పరీక్షకు నిలిచాయి, ఏవి నిలవలేదు అన్నదే ఈ చరిత్రలోని సారం.

రోమను సిపాయిల కాళ్ళు

పురాతన రోమను సైన్యంలో నడక ఒక విద్య. ఎండకాలపు అయిదుగంటలలో ఇరవై రోమను మైళ్ళు, అంటే సుమారు 30 కిలోమీటర్లు, నడవడం సిపాయికి నేర్పవలసిన మొదటి పాఠమని వెజీషియస్ అనే లాటిను రచయిత తన యుద్ధశాస్త్ర గ్రంథంలో వ్రాశాడు. సిపాయిలు తొడుక్కొనేది 'కాలిగా' అనే తోలుజోడు. దాని అడుగున ఇనుపమేకులు, పైన తోలుపట్టీలు. వేళ్ళకూ మడమకూ గాలి ఆడేటట్లు సందులు. చెమట నిలవకుండా ఆరిపోవడం ఈ జోడులోని గుణం. చెమటకూ బొబ్బకూ ఉన్న సంబంధం ఎంత గట్టిదో ముందు తెలుస్తుంది.

చలిదేశాలలో మాత్రం ఇది చాలలేదు. ఉత్తర ఇంగ్లండులోని విందోలాండా అనేచోట రోమను కోట ఒకటి ఉండేది. అక్కడి త్రవ్వకాలలో క్రీ.శ. 100 ప్రాంతపు ఉత్తరాలు పలుచని చెక్కలమీద వ్రాసినవి దొరికాయి. వాటిలో ఒకటి మేజోళ్ళు, చెప్పులు, లోదుస్తులు పంపుతున్నట్లు తెలియజేసే ఉత్తరం. కాలికీ తోలుకూ మధ్య గుడ్డ ఉండాలన్న ఊహ అంత పాతది.

వెస్పేషియను చక్రవర్తిని గురించి (పాలనాకాలం క్రీ.శ. 69-79) సుటోనియస్ అనే చరిత్రకారుడు ఒక వింత చెప్పాడు. ఓస్టియా, పుటియోలి రేవులనుంచి రోముకు వంతులవారీగా కాలినడకన వచ్చిపోయే నావికదళంవారు, జోళ్ళు అరిగిపోతున్నాయి గనుక వాటికోసం భత్యం ఇప్పించమని ఆయనకు విన్నవించుకొన్నారట. చక్రవర్తి భత్యం ఇవ్వలేదు సరికదా, ఇకమీదట జోళ్ళు లేకుండానే నడవండని ఆజ్ఞాపించాడట. అప్పటినుంచి వారు అలాగే నడుస్తున్నారని చరిత్రకారుడు ముగించాడు. ఈ శిక్షలో ఒక శాస్త్రప్రశ్న దాగి ఉంది. ఉత్తకాళ్ళతో నడిచేవాడికి బొబ్బలు ఎక్కువా, తక్కువా? దీనికి జవాబు రావడానికి చాలాకాలం పట్టింది.

ఎడమా కుడీ లేని జోళ్ళు

ఐరోపాలో పదిహేడవ శతాబ్దంనుంచి పంతొమ్మిదవ శతాబ్దారంభం వరకు చాలాభాగం జోళ్ళను ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే అచ్చుమీద కుట్టేవారు. ఏ జోడు ఏ కాలికైనా సరిపోవాలి. అంటే నిజానికి ఏ కాలికీ సరిపోదు. తోలే కాలి ఆకారానికి సాగాలి. ఆ సాగేలోపల కాలే బాధపడాలి.

ఈ సంగతిని శాస్త్రజ్ఞుడొకడు గంభీరంగా పట్టించుకొన్నది 1781లో. డచ్చిదేశపు శరీరనిర్మాణ శాస్త్రవేత్త పేత్రుస్ కాంపర్ మేలైన జోడు ఎలా ఉండాలనే విషయంమీద ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. గుర్రాల డెక్కలనూ ఎద్దుల గిట్టలనూ అంత శ్రద్ధగా చూసుకొనే మనుషులు తమ కాళ్ళనే మరచిపోయారని ఆయన ఆశ్చర్యపడ్డాడు. తరువాత 1850 దశాబ్దంలో జూరిచ్ నగరపు ఆచార్యుడు హెర్మన్ ఫాన్ మేయర్ కాలి ఎముకల అమరికను చూపి, జోడు ముందుభాగం బొటనవేలి వరుసను అనుసరించాలని వాదించాడు.

వీరి వాదాలను పెద్దఎత్తున కొలతలలోకి దింపినవాడు అమెరికా సైన్యపు వైద్యుడు ఎడ్వర్డ్ మన్సన్. సుమారు రెండువేలమంది సిపాయిల పాదాలను నాలుగేళ్ళపాటు పరిశీలించిన సంఘానికి ఆయన నాయకుడు. నిలబడిన మనిషి వీపున మూట పెడితే పాదం వెడల్పవుతుంది, పొడుగవుతుంది. కూర్చున్నవాడి కాలిని కొలిచి కుట్టిన జోడు మూట మోసేవాడి కాలికి బిగుతవుతుందన్నమాట. ఆ పరిశీలనల ఫలితంగా తయారైన అచ్చు 'మన్సన్ అచ్చు' అనే పేరుతో 1912లో అమెరికా సైన్యంలో వాడుకలోకి వచ్చింది. ఆ సంవత్సరమే ఆయన 'సిపాయి పాదం, సైనికుని జోడు' అనే అర్థమిచ్చే పేరుతో గ్రంథం వెలువరించాడు.

రష్యా సైన్యంలో మరొక మార్గం నడిచింది. అక్కడి సిపాయిలు మేజోళ్ళకు బదులు 'పొర్త్యాంకీ' అనే గుడ్డపీలికలను పాదానికి చుట్టుకొని బూటు తొడిగేవారు. గుడ్డ ఒకచివర చెమటకు తడిస్తే, విప్పి పొడిచివరను పాదంవైపుకు తిప్పి చుట్టుకోవచ్చు. చుట్టడంలో ఒక్క మడత పడిందంటే మాత్రం ఆ మడతకిందనే బొబ్బ లేస్తుంది. కనుక చుట్టే పద్ధతిని కొత్తసిపాయికి ప్రత్యేకంగా నేర్పేవారు. ఈ ఆచారం 2013 వరకు ఆ సైన్యంలో నిలిచింది.

బాటసారుల చిట్కాలు

ఆఫ్రికాలో ప్రయాణాలు చేసిన ఆంగ్లేయుడు ఫ్రాన్సిస్ గాల్టన్ 1855లో బాటసారులకోసం ఒక పుస్తకం వ్రాశాడు. అందులో కాళ్ళ సంరక్షణకు కొన్ని చిట్కాలున్నాయి. బయలుదేరేముందు మేజోడు లోపలివైపు సబ్బునురుగు దట్టంగా పట్టించాలి. బూటులో పచ్చి కోడిగ్రుడ్డు పగులగొట్టి పోస్తే తోలు మెత్తబడుతుంది. కొన్నిగంటలు నడిచాక పాదం మండడం మొదలుపెడితే కుడికాలి మేజోడు ఎడమకాలికీ, ఎడమకాలిది కుడికాలికీ మార్చుకోవాలి. ఒక్కకాలే మండుతూంటే మేజోడును తిరగదిప్పి తొడుక్కోవాలి.

లేచిన బొబ్బకు ఐరోపా సైన్యాలలో ఇంకొక వైద్యం ప్రచారంలో ఉండేది. ఉన్నిదారం ఎక్కించిన సూదిని బొబ్బలో ఒకపక్కనుంచి మరొకపక్కకు దూర్చి, దారాన్ని లోపలే వదిలివేసేవారు. ఒత్తిలా దారం నీటిని బయటికి లాగుతుంది, చర్మం కింద పడుతుంది. సిపాయి మర్నాడు మళ్ళీ నడుస్తాడు. ఇందులో యుక్తి ఉంది, అపాయమూ ఉంది. ఆ దారమే బయటి మురికికి లోపలికి దారి చూపుతుంది. సూక్ష్మజీవులను గురించి తెలియని కాలంలో ఆ అపాయం ఎవరికీ కనిపించలేదు. సూక్ష్మజీవులను గురించి తెలిసిన తరువాతకూడా అది ఎంత పెద్దదో 1924లో ఒక బాలుని మరణం లోకానికి చూపింది.

ఒక బొబ్బ, ఏడు రోజులు

1924 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ రెండవ కుమారుడు, తండ్రి పేరే గల పదహారేళ్ళ బాలుడు, అధ్యక్ష భవనపు ఆవరణలో అన్నతో టెన్నిస్ ఆడాడు. మేజోళ్ళు లేకుండా బూట్లు తొడుక్కొన్నాడు. కుడికాలి వేలిమీద బొబ్బ లేచింది. ఎవరూ లెక్కచేయలేదు. జూలై 2కల్లా జ్వరం వచ్చింది. స్టాఫిలోకోకస్ అనే సూక్ష్మజీవి ఆ వేలినుంచి రక్తంలోకి ప్రవేశించిందని పరీక్షలో తేలింది. దేశంలోని పేరుగాంచిన వైద్యులు వచ్చారు. వారికి రోగం ఏమిటో తెలిసింది. దానిని ఆపే మందు మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. జూలై 7న బాలుడు మరణించాడు.

ఆ తరువాతి పాతికేళ్ళలో ఈ పరిస్థితి మారింది. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రొంటోసిల్ అనే ఎర్రని రంగుపదార్థం స్ట్రెప్టోకోకస్ సోకిన ఎలుకలను కాపాడుతుందని 1932లో కనుగొని 1935లో ప్రకటించాడు. ఆ సంవత్సరాంతంలో ఆయన కూతురి చేతిలో సూది దిగి, చీము పట్టి, చేయి తీసివేయవలసిన స్థితి వస్తే తండ్రి ఆ మందునే వాడి ఆమెను దక్కించుకొన్నాడు. 1936 డిసెంబరులో మరొక అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు కుమారునికి గొంతులో స్ట్రెప్టోకోకస్ సోకి ప్రాణంమీదికి వచ్చినప్పుడు ఈ మందు ఫలించింది. పన్నెండేళ్ళ తేడాలో ఒక అధ్యక్షుని కుమారుడు పోయాడు, ఒకడు బ్రతికాడు. 1941లో ఆక్స్‌ఫర్డులో పెన్సిలిన్‌ను రోగులకు ఇచ్చి చూశారు. 1948లో లెడర్లీ ప్రయోగశాలనుంచి ఆరియోమైసిన్ వెలువడింది. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్; ఆ ప్రయోగశాల పరిశోధనలకు నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ మందులు బొబ్బనుంచి వచ్చే ప్రాణాపాయాన్ని చాలావరకు తొలగించాయి. కాని బొబ్బ ఎందుకు లేస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

చర్మంలోపల ఏమి జరుగుతుంది?

చర్మంలో పైన బాహ్యచర్మం, కింద అంతశ్చర్మం అని రెండు భాగాలు. బాహ్యచర్మంలో అన్నిటికన్న పైన ఉండేది మృతకణాల పొర. అరచేతిలోనూ అరికాలిలోనూ ఇది మందంగా ఉంటుంది. దానికి దిగువ సజీవకణాల పొరలుంటాయి. వాటిలో ఒకదానిలోని కణాలు సూక్ష్మదర్శినిలో ముళ్ళున్నట్లు కనబడతాయి గనుక దానిని ముళ్ళకణాల పొర అనవచ్చు.

బొబ్బ అంటే పైచర్మం అరిగిపోవడమని చాలామంది అనుకొంటారు. రాపిడివేడికి చర్మం కాలడమని మరికొందరు. రెండూ సరికావు. ఒక చిన్నపరీక్ష ఎవరైనా చేసి చూడవచ్చు. ఒక చేతి చూపుడువేలి కొనను రెండవ చేతి వెనుకభాగంమీద గట్టిగా ఆనించి, వేలు జారకుండా, ముందుకూ వెనుకకూ కదపాలి. వేలికిందనున్న చర్మం వేలితోపాటే కదులుతుంది. దాని అడుగునున్న ఎముక కదలదు. పైపొర ఒకవైపుకు, అడుగుపొర మరొకవైపుకు లాగబడుతూంటే మధ్యనున్న పొరలు ఏటవాలుగా సాగుతాయి. భౌతికశాస్త్రంలో ఇటువంటి లాగుడును విమోటన బలం అంటారు.

నడకలో జరిగేది ఇదే. అడుగు పడినప్పుడు మేజోడు చర్మాన్ని పట్టుకొని నిలుపుతుంది. లోపలి ఎముక మాత్రం ముందుకు సాగుతుంది. మైలుకు సుమారు రెండువేల అడుగులు. పదిమైళ్ళ నడకలో ఒక్కొక్క పాదానికి ఈ లాగుడు పదివేలసార్లు జరుగుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపులో పుటుక్కున తెగినట్లు, ముళ్ళకణాల పొర ఒకచోట చీలుతుంది. ఆ చీలికలోకి చుట్టుపక్కల కణజాలంనుంచి ద్రవం ఊరుతుంది. అదే బొబ్బ.

దీనిని ప్రయోగాలతో నిరూపించినవారిలో ముందువాడు ఇంగ్లండుకు చెందిన నేలర్. 1955లో ఆయన రాపిడి యంత్రాలతో చర్మాన్ని పరీక్షించి, చర్మం బాగా పొడిగా ఉన్నా, బాగా తడిసి ఉన్నా ఘర్షణ తక్కువేననీ, కొద్దిగా చెమ్మగిల్లినప్పుడే ఎక్కువనీ చూపాడు. పుస్తకంలో పుటలు తిప్పేవాడు వేలును కొద్దిగా తడిచేసుకోవడంలోని కిటుకు ఇదే. చెమ్మ వేలిని కాగితానికి పట్టిస్తుంది. బూటులోని చెమటకూడా చర్మాన్ని మేజోటికి అలాగే పట్టిస్తుంది. రోమను జోడులోని గాలిసందుల విలువ ఇప్పుడు బోధపడుతుంది.

తరువాత 1966లో అమెరికా సైన్యానికి సంబంధించిన పరిశోధకులు, మారియన్ సల్జ్‌బెర్గర్ నాయకత్వంలో, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చర్మాన్ని యంత్రంతో రుద్ది, మెలిపెట్టి చూశారు. అరచేయి, అరికాలు వంటి మందమైన చర్మం ఉన్నచోట బొబ్బ లేచింది. పలుచని చర్మం ఉన్నచోట బొబ్బ లేవకుండానే తోలు గీరుకుపోయింది. పైన గట్టికప్పు ఉంటేనే లోపలి ద్రవం నిలుస్తుంది. చీలిక ముళ్ళకణాల పొరలోనే ఏర్పడుతుందనీ, కింది పొర చెక్కుచెదరకుండా ఉంటుందనీ సూక్ష్మదర్శినిలో కనిపించింది. ద్రవం రక్తంలోని ద్రవభాగాన్ని పోలి ఉంటుంది. మాంసకృత్తులు మాత్రం తక్కువ.

బొబ్బ పైకప్పు

ఇక రెండవ ప్రశ్న: చిదిపివేయాలా, ఉంచాలా? ఆ పరిశోధకుల బృందానికి చెందిన కోర్టెసీ మొదలైనవారు 1968లో దీనికి సమాధానం ప్రకటించారు. ప్రయోగంకోసం లేపిన బొబ్బలను కొన్నిటిని ముట్టకుండా వదిలారు, కొన్నిటినుంచి నీరు తీశారు, కొన్నిటి పైచర్మాన్ని పూర్తిగా ఒలిచివేశారు. ఒలిచినవి ఎక్కువ బాధపెట్టాయి. పైచర్మాన్ని ఉంచి, మొదటి 24 గంటలలో మూడుసార్లు నీరు తీసినవాటిలో ఆ చర్మం తిరిగి కిందికి అతుక్కోవడం ఎక్కువగా కనిపించింది. ఒకేసారి తీస్తే నీరు మళ్ళీ ఊరి చర్మాన్ని పైకెత్తుతుంది.

పైకప్పుకు అంత విలువ ఎందుకు? మరుసటి సంవత్సరం వెలువడిన ఒక పరిశీలన దీనిని వివరించింది. బొబ్బ లేచిన ఆరుగంటలకే దాని అడుగునున్న కణాలు కొత్త కణాల నిర్మాణానికి కావలసిన పదార్థాలను గ్రహించడం మొదలుపెడతాయి. 24 గంటలకు కణవిభజన జోరందుకొంటుంది. 48 గంటలకు కొత్తపొర ఒకటి కనబడుతుంది. 120 గంటలకు, అంటే అయిదవనాటికి, కొత్త మృతకణాల పొర సిద్ధమవుతుంది. ఈ నిర్మాణం జరిగే అయిదురోజులూ పాతచర్మం పందిరివలె పైన నిలిచి తడి ఆరనివ్వదు, మురికి చేరనివ్వదు. తడి ఆరని గాయం త్వరగా మానుతుందని జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు 1962లోనే లండనులో పందిపిల్లలమీద ప్రయోగించి చూపాడు. పలుచని పాలిథీన్ పొరకింద ఉంచిన గాయాలలో కొత్తచర్మం, గాలికి ఆరి పక్కుకట్టిన గాయాలలోకన్న సుమారు రెట్టింపు వేగంతో పరచుకొంది. గాయాన్ని ఆరబెట్టాలన్న పాతనమ్మకం ఇక్కడ వీగిపోయింది.

ఉన్నిదారపు వైద్యంలో ఇప్పుడు సగం నిజం, సగం తప్పు కనిపిస్తాయి. నీరు తీయడం, చర్మం ఉంచడం సరియైనవి. దారాన్ని వదలడం తప్పు.

చిట్కాలకు పరీక్ష

మూడవ ప్రశ్న రాకుండా చేసే ఉపాయాన్ని గురించినది. గాల్టన్ సబ్బునురుగు, బాటసారుల కొవ్వూ నూనే ఎంతవరకు పనిచేస్తాయి? జిడ్డు పూతలు మొదట ఘర్షణను తగ్గిస్తాయి; గంటలు గడిచేకొద్దీ ఆ గుణం పోతుంది; సుమారు మూడుగంటలకు ఘర్షణ అసలుకన్న పెరుగుతుంది. ఇది 1981లో ప్రకటించిన కొలతలలో తేలిన సంగతి. కనుక చిన్న నడకకు పూత మేలు. పొడుగునడకకు మళ్ళీ మళ్ళీ పూస్తేనే ఉపయోగం. మేజోళ్ళు మార్చుకోవాలన్న గాల్టన్ సలహా మాత్రం నిలిచింది. మేజోడు తిరగదిప్పినా, కాలు మార్చినా చర్మంమీద అదే ముడత, అదే చెమ్మ అదేచోట పడకుండా ఉంటుంది.

మేజోడు దేనితో నేసినదన్నదికూడా ముఖ్యమే. నూలు చెమటను పీల్చి తనలోనే దాచుకొంటుంది. 1990లో దూరపు పరుగుపందెగాండ్రమీద జరిపిన ఒక పరీక్షలో నూలుమేజోళ్ళకు బొబ్బలు అక్రిలిక్ నారతో చేసినవాటికన్న సుమారు రెట్టింపు వచ్చాయి. పరిమాణంలో మూడింతలు పెద్దవి. అయితే మేజోడు అల్లికను మార్చి అదే పరిశోధకులు తరువాత చేసిన పరీక్షలో ఈ తేడా నిలవలేదు. నార ఒక్కటే కాదు, అల్లికకూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

చెమటనే ఆపివేస్తే? 1998లో ప్రకటించిన ఒక పరిశీలనలో అమెరికా సైనిక విద్యార్థులలో కొందరు 20 శాతం అల్యూమినియం క్లోరైడు ద్రావణాన్ని రాత్రిపూట కాళ్ళకు పూసుకొని, తరువాత 21 కిలోమీటర్లు నడిచారు. మిగిలినవారు మందులేని ద్రావణం పూసుకొన్నారు. మందు వాడినవారిలో 21 శాతానికి, వాడనివారిలో 48 శాతానికి బొబ్బలు వచ్చాయి. కాని మందు వాడినవారిలో 57 శాతానికి చర్మం దురదపెట్టి ఎర్రబడింది. ఒక బాధ సగం తగ్గింది. మరొక బాధ వచ్చి చేరింది.

ఇంకొక సాధనం ఆసుపత్రులలో కట్టు అంటించడానికి వాడే కాగితపుపట్టీ. 250 కిలోమీటర్ల పరుగులలో పాల్గొనేవారిమీద లిప్‌మన్ మొదలైన అమెరికా వైద్యులు దీనిని పరీక్షించారు. 2014లో ప్రకటించిన మొదటి పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. పద్ధతి మార్చి, ఎవరికి ఎక్కడ బొబ్బ వచ్చే అలవాటుందో అక్కడే పట్టీ వేసి మళ్ళీ పరీక్షించగా బొబ్బలు సుమారు 40 శాతం తగ్గాయని 2016లో ప్రకటించారు. ఉపాయం విఫలమైందని వదలక, ఎందుకు విఫలమైందని అడగడం శాస్త్రజ్ఞుని లక్షణం.

ఉత్తకాళ్ళు, నొప్పి తెలియని కాళ్ళు

వెస్పేషియను ఆజ్ఞలోని ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. చెప్పులు లేకుండా నడిచే పల్లెటూరి రైతు అరికాలు కాయకాచి ఉంటుంది. నెమ్మదిగా, రోజూ కొద్దికొద్దిగా పడే ఒత్తిడికి చర్మం మందమై జవాబిస్తుంది. ఒక్కసారిగా పడే ఒత్తిడికి చీలి జవాబిస్తుంది. కాయకీ బొబ్బకీ కారణం ఒకటే, తేడా వ్యవధిలో ఉంది. అలా కాచిన చర్మం స్పర్శ కోల్పోతుందని అనుకొనేవారు. ఎక్కువగా ఉత్తకాళ్ళతో నడిచేవారినీ, జోళ్ళు తొడిగేవారినీ కెన్యాలోనూ అమెరికాలోనూ పోల్చి, కాయ ఎంత మందమైనా నడకలో అరికాలి స్పర్శ తగ్గదని 2019లో పరిశోధకులు ప్రకటించారు. అయితే రోజూ జోడు తొడిగేవాడు ఒక్కరోజున చెప్పులు విడిచి పదిమైళ్ళు నడిస్తే ఆ రక్షణ అతనికి లేదు. పైగా ఎండలో కాగిన తారురోడ్డుమీద లేచే బొబ్బ రాపిడివల్ల వచ్చేది కాదు. అది నిజమైన కాలినగాయం.

స్పర్శ విలువ ఎంతటిదో దక్షిణభారతంలోనే తేలింది. తమిళనాడులోని కొల్లికొండలలో 1914లో జన్మించిన ఆంగ్లవైద్యుడు పాల్ బ్రాండ్ 1946నుంచి వెల్లూరు వైద్యకళాశాలలో పనిచేశాడు. కుష్ఠురోగుల కాళ్ళు పుండ్లుపడి క్షీణించడం రోగంవల్ల మాంసం కుళ్ళడమేనని అప్పటి నమ్మకం. బ్రాండ్ ఆ పుండ్లను రోజూ గమనించి, వాటికి ముఖ్యకారణం నొప్పి తెలియకపోవడమని చూపాడు. చెప్పు కరిస్తే ఆరోగ్యవంతుడు అడుగు మార్చి వేస్తాడు, కుంటుతాడు, చివరికి కూర్చుంటాడు. నొప్పి తెలియనివాడు అదే బొబ్బమీద అదేవిధంగా నడుస్తూపోతాడు. బొబ్బ పుండవుతుంది, పుండు ఎముకదాకా పోతుంది. ఆయనా తోటివారూ మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరుతో చేయించిన చెప్పులు ఎన్నో కాళ్ళను కాపాడాయి. మధుమేహం ముదిరినవారి పాదాలకుకూడా ఈ పాఠమే వర్తిస్తుంది.

చరిత్ర నేర్పిన పాఠం

ఇంతకాలపు అనుభవంనుంచి, ప్రయోగాలనుంచి నిలిచినవి కొన్ని సూత్రాలు. విహారయాత్రకు విద్యార్థులను నడిపించుకుపోయే ఉపాధ్యాయునికి ఇవి పనికివస్తాయి.

కొత్తజోడును యాత్రరోజున మొదటిసారి తొడగకూడదు. కొన్నివారాల ముందునుంచి కొద్దికొద్దిగా నడిచి కాలికి అలవాటు చేయాలి. జోడును సాయంత్రంవేళ, మేజోడుతో, నిలబడి చూసి కొనాలి. మేజోళ్ళ జత ఒకటి అదనంగా ఉంచుకొని తడిసినప్పుడు మార్చాలి. ఎక్కడైనా చురుక్కుమని మండడం మొదలుకాగానే ఆగాలి. అది చీలికకు ముందువచ్చే హెచ్చరిక. అక్కడ పట్టీ అంటించి, జోడులోని ఇసుకా మడతా సరిచేసుకొని బయలుదేరితే బొబ్బ తరచు తప్పుతుంది.

బొబ్బ లేచాక అది చిన్నదై, నొప్పి లేకుంటే ముట్టకుండా, ఒత్తిడి పడకుండా కప్పి ఉంచాలి. పెద్దదై నడవనివ్వకపోతే చేతులూ బొబ్బా సబ్బుతో కడిగి, స్పిరిటుతో శుద్ధిచేసిన సూదితో అంచుదగ్గర గుచ్చి నీరు తీయాలి, పైచర్మం తీయకూడదు, శుభ్రమైన గుడ్డతో కప్పాలి. నీరు ఊరితే మళ్ళీ అలాగే తీయవచ్చు. చీము పట్టినా, చుట్టూ ఎర్రదనం పాకినా, ఎర్రనిచార పైకి ప్రాకినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యునివద్దకు వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు సూది పట్టుకోనేకూడదు; వారి బొబ్బను మొదటినాడే వైద్యుడు చూడాలి.

1924లో ఆ బాలుని పడకచుట్టూ నిలిచిన వైద్యులకు లేని మందులు ఇప్పుడు చిన్నఊరి ఆసుపత్రిలోనూ దొరుకుతాయి. అయితే ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులుకూడా పుట్టుకువచ్చాయి. అందుచేత అన్నిటికన్న మంచిమందు ఇప్పటికీ బొబ్బమీద ఉన్న ఆ పలుచని చర్మమే. దానిని చింపకుండా ఉంచడానికి ఖర్చు లేదు. కాస్త ఓపిక ఉంటే చాలు.